బండి కడుపులో నీలి పెచ్చులు

రంగు పెచ్చులూడటం కంటే మనిషికి మేలు చేసే సంగతి ఈ లోకంలో మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను!

నవ్వకండి. మీ ఇంటి గోడ పెచ్చులూడితే సున్నం వేసేవాణ్ణి పిలుస్తారు. వాళ్ళింట్లో పొయ్యి రాజుకుంటుంది. తలుపు రంగు ఊడితే అడుగున పాత రంగు బయటపడి, మీ తాతగారి అభిరుచి ఎంత ఘోరంగా ఉండేదో తెలిసొస్తుంది. ఇక సర్కారీ కచేరీ బోర్డు రంగు ఊడిందనుకోండి, కొత్త సర్కారు పేరూ పాత సర్కారు పేరూ ఒకేచోట చదువుకోవచ్చు. అర్జీ ఎవరికి పెట్టుకోవాలో తేల్చుకోలేని పేదవాడికి ఇంతకు మించిన సౌకర్యం ఏముంది?

అయితే ఇవన్నీ కంటికి కనిపించే పెచ్చులు. నా వాదన వీటి గురించి కాదు. ఎవరి కంటా పడని చోట ఊడే రంగు ఉంది చూశారా, దాని మహిమే వేరు!

మోటారు బండి కడుపులో, గేర్ల పెట్టె కింద, నూనె నిలవడానికి పళ్ళెంలాంటి ఒక ఇనుప తొట్టి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో పాన్ అంటారు. అలాంటి ఒక పాన్ లోపల రంగు పెచ్చులూడటం వల్లనే మా పంజాగుట్ట డ్రైవర్ ఐలయ్య ఇంట్లో కొంతకాలం రెండు పూటలా అన్నం ఉడికింది. నూనె తొట్టికి లోపల రంగెందుకయ్యా అంటారేమో. ఆ ప్రశ్న అమెరికా వాళ్ళు అడగాలి. మన హైదరాబాదు వాళ్ళు అడగకూడదు. ఎందుకో చెబుతాను.

అమీర్‌పేటలో జీవానందం గారని రంగుల కంట్రాక్టరు ఉన్నారు. సర్కారు మారిన ఏడాది ఆయన దశ తిరిగింది. రాజ్యం మారితే అన్నిటికంటే ముందు మారాల్సినవి బోర్డులే కదా! లక్డీకాపూల్ మొదలుకొని అమీర్‌పేట దాకా రోడ్డు మీద ఎన్ని కచేరీలున్నాయో అన్నిటి బోర్డులకూ ఆయనే నీలి రంగు వేయించారు. ఆ రంగులో రంగు పాలెంతో, కిరసనాయిలు పాలెంతో ఆయనకూ దేవుడికీ మాత్రమే తెలుసు. ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ చర్చిలో కలుసుకుంటారు కాబట్టి ఆ లెక్క వాళ్ళే చూసుకుంటారులెమ్మని మనం ఊరుకోవాలి.

బోర్డుల పుణ్యమా అని జీవానందం గారు ఒక అమెరికా బండి కొన్నారు. ఊరు విడిచిపోతున్న ఒక నవాబు గారి దేవిడీ భవంతిలోది. నల్లగా నిగనిగలాడే ఆ బండిలో కూర్చోగానే ఆయన డ్రైవరు ఐలయ్య కాళ్ళ దగ్గర తడుముకున్నాడు. క్లచ్చి లేదు! స్టీరింగు పక్కనున్న చిన్న పుల్లను జరిపితే చాలు, గేర్లు వాటంతటవే పడతాయి. మొదటి రోజంతా ఐలయ్య ఎడమ కాలు లేని క్లచ్చి కోసం వెతికి వెతికి, సాయంత్రానికి అలసిపోయి ఊరుకుంది.

"ఎడమ కాలుకు పని పోయిందే. గిట్లనే కుడి కాలుకు సుత పోతది సూడు" అన్నాడు ఇంటికొచ్చి భార్య చంద్రమ్మతో.

"కాళ్ల సంగతి ఇడిసిపెట్టు. నీ సంగతేంది?" అంది చంద్రమ్మ.

ఆమె నోటి చలవో ఏమో, ఆ సంగతి త్వరలోనే తేలింది. జీవానందం గారి భార్య తబితమ్మ గారు గృహస్థ ధర్మం తెలిసిన ఇల్లాలు. "గేర్లు వాటంతటవే పడుతుంటే ఇంక ఐలయ్య ఎందుకు? మీరే నడుపుకోవచ్చు గద" అన్నారు ఒక పూట భర్తకు అన్నం వడ్డిస్తూ. ఆ మాట జీవానందం గారికి పులుసు కంటే రుచిగా తోచింది.

"క్రిస్మస్ దాకా ఉండు ఐలయ్యా. ఆ లోపల నేను నేర్చుకుంట. తర్వాత నువ్వు ఇంకో దగ్గర చూసుకో" అన్నారు.

ఇంకో దగ్గర ఎక్కడ చూసుకుంటాడు? దేవిడీలన్నీ బండ్లు అమ్ముకుంటున్న కాలం. ఆ బండ్ల డ్రైవర్లందరూ ఖైరతాబాద్ చౌరస్తాలో బీడీలు కాలుస్తూ నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన తానూ నిలబడే రోజు తలుచుకుంటే ఐలయ్యకు అన్నం సహించలేదు. తాను లేనిదే ఈ బండి నడవదని దొరకు ఎలాగైనా అనిపించాలనుకున్నాడు. రోజూ తుడిచిందే తుడిచాడు, బిగించిందే బిగించాడు. చివరికి బండి కిందికి దూరి, మరలు విప్పి, ఆ పాన్ కూడా దించాడు.

లోపలికి చూసి కంగుతిన్నాడు. ఉత్త ఇనుము! పూత లేదు, గీత లేదు. ఒక మూల ఎర్రగా తుప్పు చుక్క కూడా ఉంది.

అయ్యా, మన ఊళ్ళో తగరపు కళాయి లేని గిన్నెలో ఎవరైనా కూర వండుతారా? కళాయి పోయిన గిన్నెలో పులుసు పోస్తే చిలుమెక్కి ప్రాణం మీదికొస్తుందని చంటిపిల్లలకు కూడా తెలుసు. దావతుకు పోయిన పెద్దమనిషి సైతం ముందు వంట దేగిశలోకి తొంగిచూసి, లోపల తెల్లగా మెరుస్తుంటేనే చేతులు కడుక్కుంటాడు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన ఐలయ్య ఆ ఉత్త ఇనుమును చూసి ఊరుకోగలడా?

"దొరా, పాన్‌కు లోపట కళాయి లేదు" అన్నాడు వెళ్ళి.

జీవానందం గారు లోపలికి కేకేశారు. "తబితా, మన పాన్‌దాన్‌కు కళాయి పోయిందట!"

"మనింట్ల పాన్‌దాన్ ఎక్కడిది? మనం పాన్ తింటమా?" అంటూ తబితమ్మ గారు బయటికొచ్చారు. ఐలయ్య చేతిలోని తొట్టిని చూశారు. వంటింటి అధికారంతో దాన్ని వేలితో గీకి, మొహం చిట్లించారు. "గింత పెద్ద బండి చేసినోల్లకు గింత తెలివి లేదా? ఉత్త ఇనుములో నూనె పోస్తే కరాబు కాదా?"

కళాయి వేసేవాణ్ణి పిలిపించారు. అతను తొట్టిని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి కళాయి అంటుకోదని తేల్చి వెళ్ళిపోయాడు. అప్పుడు జీవానందం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఇంట్ల రంగు పెట్టుకొని కళాయి ఎందుకు ఐలయ్యా?" అంటూ బోర్డులకు వాడిన నీలి రంగు డబ్బా తెచ్చి ఇచ్చారు.

ఐలయ్య ఆ పూట తిండి మరిచి రంగు వేశాడు. ఒక పూత ఆరాక ఇంకో పూత వేశాడు. ఎవరూ చూడని చోటుకు అంత శ్రద్ధగా రంగు వేసినవాడు ఈ రాజ్యంలో మరొకడు ఉండడు. ఆరిన తొట్టిని ముగ్గురూ చూసి మురిశారు. మళ్ళీ బిగించి నూనె పోశాడు. జీవానందం గారు భుజం తట్టి మెచ్చుకున్నారు గాని, క్రిస్మస్ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇక రంగు తన పని మొదలుపెట్టింది.

బండి నడిచే కొద్దీ నూనె కాగింది. కాగిన నూనెలో నీలి పూత పొరలు పొరలుగా లేచి, లోపలి జల్లెడకు అడ్డం పడింది. నూనె పైకి అందకపోతే ఆ అమెరికా గేర్లకు బలం ఉండదు. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. అప్పటికి తెలిసిందల్లా ఏమిటంటే, ఒక ఆదివారం పొద్దున జీవానందం గారు స్వయంగా నడుపుతూ చర్చికి బయల్దేరితే, పంజాగుట్ట మిట్ట సగంలో బండి నిలబడిపోయింది. ఇంజను పులిలా గర్జిస్తోంది, చక్రం మాత్రం కదలదు.

పక్కన కూర్చున్న ఐలయ్య స్టీరింగు అందుకుని, బండిని కిందికి జార్చి, పుల్లను వెనక్కి జరిపి చూశాడు. అరే! వెనక్కి మాత్రం లేడిపిల్లలా ఉరికింది. చేసేదేముంది? బండి మొహం అమీర్‌పేట వైపు తిప్పి, వీపును మిట్ట వైపు పెట్టి, అలాగే వెనక్కి వెనక్కి ఎక్కించి చర్చికి చేర్చాడు. దారి పొడుగునా తబితమ్మ గారు కళ్ళు మూసుకునే ఉన్నారు. వెనక్కి చూసి ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్య కథ ఆమెకు గుర్తొచ్చిందట.

మర్నాడు ఐలయ్య పాన్ దించి చూస్తే, అడుగంతా నీలి పెచ్చులు. జల్లెడ కడిగాడు గాని సన్న పొట్టు అప్పటికే పై గొట్టాల్లోకి ఎక్కేసింది. అది చేతికందే వ్యవహారం కాదు, వర్క్‌షాపుకు పోవాల్సిందే. తన చేత్తో తానే బండి ప్రాణం తీశానని అతనికి ఏడుపొచ్చింది. క్రిస్మస్ దాకా కూడా ఆగరని, ఈ రోజే గెంటేస్తారని తెలుసు. తెలిసీ దొర ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"తప్పయింది దొరా. పాన్ల రంగు ఊడింది."

"ఏ రంగు?"

"మన రంగే దొరా. బోర్డులకు ఏసిన నీలి రంగు."

తిట్టడానికి తెరిచిన నోటిని జీవానందం గారు అలాగే మూసేశారు.

ఎందుకు మూశారో చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే కచేరీ బోర్డులు కూడా పెచ్చులూడుతున్నాయి. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన సత్యరాజు గారనే ఇంజనీరు సంజాయిషీ అడిగారు. జీవానందం గారు తడుముకోకుండా జవాబు చెప్పి ఉన్నారు: రంగు అసలు సిసలైనది, ఊడింది హైదరాబాదు ఎండకు, ఎండను ఆపడం కంట్రాక్టులో లేదు! ఎంత చక్కటి జవాబు! కాని బండి కడుపులో ఎండెక్కడిది? వానెక్కడిది? ఆ చీకట్లో కూడా రంగు ఊడిందంటే ఇక ఎవరిని దోషి అనాలి? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పరిస్థితి.

"గీ ముచ్చట ఎవలకన్న చెప్పినవా?" అన్నారు గొంతు తగ్గించి.

"లేదు దొరా."

"చెప్పకు. ఎట్లున్నదట్లనే మరలు బిగించు. ఏ వర్క్‌షాపోన్ని సుత బండి కిందికి దూరనియ్యకు."

"మరి క్రిస్మస్ తర్వాత..."

"క్రిస్మస్ లేదు, గిస్మస్ లేదు! గీ బండి ఉన్నన్ని దినాలు నువ్వే డ్రైవర్‌వి. ఫికర్ చెయ్యకు."

చూశారా! ఏ సంఘం, ఏ సమ్మె, ఏ నాయకుడు ఇప్పించగలడు ఇంత గట్టి నౌకరీ? పెచ్చులూడిన రంగు ఇప్పించింది! ఆ రోజు ఐలయ్య ఇంట్లో కోడి కోశారు.

ఆనాటి నుంచి అమీర్‌పేట మొదలు లక్డీకాపూల్ దాకా ఆ బండి వెనక్కే నడిచింది. దీనివల్ల ఊరికి కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. బండ్ల వెంటపడే సోమాజిగూడ కుక్కలు ఏ వైపు మొరగాలో తోచక అహింసావ్రతం పట్టాయి. చౌరస్తాలో పోలీసు జవాను, బండి వస్తోందో పోతోందో తేల్చుకోలేక రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. ఎక్కడికి వెళ్ళినా జీవానందం గారు అప్పుడే తిరిగి వెళ్ళిపోతున్నట్టు కనిపించడంతో, చుట్టాలు సంతోషంగా ఎదురొచ్చేవారు.

అన్నిటికంటే పెద్ద లాభం ఇంకొకటుంది. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగే చూడాలి. అంటే, ఇంతకాలం గొంతులు మాత్రమే విన్న ఐలయ్య ఇప్పుడు దొర మొహమూ అమ్మ మొహమూ ఎదురుగా చూస్తూ నడుపుతున్నాడు. పరాయివాడు అలా మొహంలోకి చూస్తుంటే పోట్లాడుకోవడం మర్యాద కాదు కదా! భార్యాభర్తలు బండిలో తగవులు మానేశారు. ఐలయ్యకు మెడ పట్టేసింది గాని, నౌకరీ గట్టిగా ఉన్నప్పుడు మెడ ఒక లెక్కా?

ఇలా అందరూ సుఖంగా ఉండగా, సత్యరాజు గారు బోర్డులు స్వయంగా చూస్తానని కబురు పెట్టారు. జీవానందం గారు ఆయన్ని లక్డీకాపూల్‌లో బండెక్కించుకున్నారు. బండి కదిలింది, వెనక్కి.

"ఏంటండీ ఇది? వెనక్కి పోతోందేంటి?" అన్నారు సత్యరాజు గారు సీటు పట్టుకుని.

అవసరంలో మనిషికి సరస్వతి పలుకుతుంది. "ఇది నవాబు గారి దేవిడీ బండి సార్. దర్బారుల ప్రభువుకు వీపు చూపియ్యరు, సలాం చేసుకుంట వెనక్కే నడుస్తరు. బండిల సుత అదే పద్ధతి. ముందుకు నడిపితే డ్రైవర్ ముందల, మీరు వెనకాల అయితరు. మీ అసుంటి పెద్దలకు డ్రైవర్ వీపు చూపిస్తడా సార్?" అన్నారు జీవానందం గారు.

సత్యరాజు గారు ఐలయ్య వైపు చూశారు. నిజమే, అతని మొహం తన వైపే తిరిగి ఉంది. కొత్త ఊళ్ళో ఆచారాలు గౌరవించాలని పట్టుదల ఉన్న మనిషి ఆయన. "ఓహో, ఇక్కడి పద్ధతా! బాగుందండి, చాలా బాగుంది" అని వెనక్కి వాలి, కాలి మీద కాలు వేసుకున్నారు.

మనసు చల్లబడ్డాక బోర్డుల మాట ఎత్తారు. జీవానందం గారు ఎండను చెడతిట్టారు. సత్యరాజు గారు తల ఊపుతూ విన్నారు.

"అంటే, ఎండ తగలని చోట మీ రంగు ఊడదంటారు."

"తరతరాలు ఉంటది సార్!"

అప్పటికి బండి పంజాగుట్ట మిట్ట ఎక్కుతోంది. మిట్ట మీద కొత్తగా నిలబెట్టిన ఇనుప టాంకీ కనిపించింది. కింది బస్తీలకు మంచినీళ్ళు దాంట్లోంచే వస్తాయి.

"అదుగోనండీ, ఆ టాంకీ లోపల తుప్పు పడుతోందట. పూత వేయించాలి. లోపల ఎండ సమస్యే లేదు కదా! ఆ పని కూడా మీకే ఇచ్చేస్తానండి" అన్నారు సత్యరాజు గారు.

జీవానందం గారి మొహం ఎలా వెలిగిందో ఐలయ్య ఎదురుగా చూశాడు. మరుక్షణం ఆ కళ్ళు తన కళ్ళతో కలవడం, చప్పున కిటికీ వైపు తిరిగిపోవడం కూడా చూశాడు. ముందుకు నడిచే బండిలో అయితే ఇదేదీ కనిపించేది కాదు.

ఆ టాంకీ నీళ్ళొచ్చే నల్లా ఐలయ్య ఇంటి సందు మొదట్లోనే ఉంది. నోరు మూసుకుంటే జీవితాంతం నౌకరీ. తెరిస్తే ఖైరతాబాద్ చౌరస్తా. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఐలయ్యకు ఆ మిట్ట మీద అర్థమైంది. బ్రేకు వేసి బండి ఆపేశాడు.

"ఎండ లేకున్నా ఊడుతది సార్."

"ఏంటీ?"

"గీ రంగు సార్. చీకట్ల ఉన్నా ఊడుతది. నా చేతులతోటి నేనే ఏసిన. దిగుండ్రి, సూపిస్త."

"వాని మాటలకేం సార్, పొద్దున కల్లు తాగినట్టున్నడు..." అంటూనే ఉన్నారు జీవానందం గారు. ఐలయ్య అప్పటికే బండి కింద ఉన్నాడు. మర వదులు చేసి, కొంచెం నూనె ఒక రేకు డబ్బాలో పట్టుకొచ్చాడు. అందులోంచి ఒక నీలి పెచ్చు తీసి సత్యరాజు గారి అరచేతిలో పెట్టాడు.

"గా టాంకీ నీళ్లు మేం తాగుతం సార్. నా పెండ్లాం పిల్లలు తాగుతరు."

సత్యరాజు గారు ఆ పెచ్చును రెండు వేళ్ళ మధ్య నలిపారు. వెలుగుకు ఎత్తి చూశారు. వాసన చూశారు. జీవానందం గారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు.

"ఇది దేంట్లో నానిందోయ్?" అన్నారు సత్యరాజు గారు చివరికి.

"నూనెల సార్."

"అదీ సంగతి! నూనెలో నానితే ఏ రంగైనా ఊడుతుంది. తప్పు నూనెది, రంగుది కాదు. టాంకీలో నూనె పోస్తామా ఏంటి? నీళ్ళేగా!"

"స్తోత్రం!" అన్నారు జీవానందం గారు కళ్ళు తెరిచి.

ఆ రోజే రహస్యానికి విలువ పోయింది, దాంతోపాటు ఐలయ్యకూ పోయింది. మర్నాడు బండి నిర్భయంగా వర్క్‌షాపుకు వెళ్ళి, గొట్టాలు కడిగించుకుని, ముందుకు నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు జీవానందం గారే నడుపుతున్నారు. పక్కన తబితమ్మ గారు కూర్చుంటున్నారు. తగవులు మళ్ళీ మొదలయ్యాయని విన్నాను. ఐలయ్య చౌరస్తాలో నిలబడుతున్నాడు.

టాంకీకి లోపల నీలి రంగు పడింది. కొద్ది రోజులకే నల్లాలో నీలి పెచ్చులు రావడం మొదలైంది. బస్తీ వాళ్ళకు తెలివి తక్కువ గనుక వెళ్ళి ఫిర్యాదు చేశారు. సర్కారు మాత్రం ఆలస్యం చేయలేదు, అన్యాయంగా అనకూడదు. ఇంజనీర్లు వచ్చి, టాంకీ ఎక్కి చూసి, జబ్బు ఎక్కడుందో కనిపెట్టారు. నీళ్ళు తగలడం వల్ల రంగు చెడిపోతోందట! కాబట్టి రంగును కాపాడటానికి టాంకీలో నీళ్ళు ఆపేశారు. ఇంకో పూత వేసే పని కూడా జీవానందం గారికే వచ్చింది.

ఇప్పుడు రంగు ఊడటం లేదు. టాంకీ లోపల నీలాకాశంలా ఉందని ఎక్కి చూసినవాళ్ళు చెబుతున్నారు. ఇంతకంటే ఏం కావాలి?

అయినా తృప్తి లేని మనుషులు ఉంటారు. ఈ పొద్దున నల్లా దగ్గర చంద్రమ్మ ఖాళీ కడవ చంకన పెట్టుకుని నన్ను ఆపింది. కడవ అడుగున తడి కూడా లేదు.

"పేపర్ల రాస్తవట గద అన్నా. రంగు గురించి మస్తు రాస్తున్నవట. జర నీళ్ల గురించి సుత ఒక్క ముక్క రాయరాదు?"

రాస్తున్నాను తల్లీ. పంజాగుట్ట మిట్ట కింద బస్తీలో తాగడానికి నీళ్ళు లేవు.